స్వామి ఎదుట నిలబడితే అడగాల్సింది ఎందుకు గుర్తురాదు?

కొండకు పోయి వచ్చిన చుట్టాలను తిరుపతిలో మొదట అడిగే మాట "దర్శనం బాగా అయిందా?" అనే. దానికి చాలామంది చెప్పే జవాబు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. "ఏమేమో అడగాలనుకున్నాం. తీరా స్వామి ముందుకు వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. గోవిందా అన్నాం, అంతలో బయటికి వచ్చేశాం." బిడ్డ పెళ్లి గురించో, ఉద్యోగం గురించో, ఇంట్లో ఒకరి ఆపరేషన్ గురించో నెలల తరబడి మనసులో మోసుకుని వచ్చినవాళ్లు వీళ్లు. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్నవాళ్లు. ఆ ఒక్క మాటా చెప్పుకోకుండా తిరిగి వచ్చినందుకు దిగులు పడాలి. కానీ ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల ముఖాల్లో దిగులు కనపడదు. ఏదో దొరికినవాళ్లలాగే ఉంటారు.

భగవంతుడి సన్నిధిలో దొరికే ఆనందం గురించి ఎన్నో ప్రవచనాలు వింటాం. నాకు మాత్రం ఈ మతిమరుపు దగ్గరే అసలు సంగతి ఉందనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కొన్ని చిక్కుముడులు విప్పాలి. ఎందుకంటే "గుడికి పోతే సంతోషంగా ఉంటుంది" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు సంతోషాలను కలిపేస్తున్నాం.

మొదటిది ఊరట. గంటలపాటు క్యూలో నిలబడి, పిల్లల్ని ఎత్తుకుని, మహాద్వారం దాటి, వెండి వాకిలి దాటి లోపలికి అడుగుపెట్టినప్పుడు కలిగే హాయిలో చాలా భాగం ఇదే. శ్రమ ముగిసింది. అలిపిరి మెట్లెక్కినవాళ్లకు మోకాళ్ల పర్వతం దాటాక కలిగేదీ ఇలాంటిదే. ఇది శరీరానికి సంబంధించినది, ఇందులో తప్పేమీ లేదు.

రెండోది భరోసా. "ఇక స్వామే చూసుకుంటాడు" అనుకోగానే తల మీది బరువు దిగినట్టు ఉంటుంది. టెన్షన్ తగ్గుతుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది. అనుకున్న పని జరిగితే మొక్కు చెల్లించుకోవడానికి మళ్లీ వస్తారు, అప్పుడు ఇంకో సంతోషం. ఇదీ విలువైనదే. కానీ ఇది రేపటి మీద ఆధారపడింది. పని జరగకపోతే కరిగిపోతుంది.

మూడోది ఆ రెండు మూడు క్షణాలది. జయవిజయులను దాటి, బంగారు వాకిలి దగ్గర తల పైకెత్తిన క్షణం. అది ఊరట అనడానికి లేదు, ఎందుకంటే వెనకనుంచి తోపులాట అప్పుడే ఎక్కువ, పక్కనుంచి "జరగండి, జరగండి" అని వినపడుతూనే ఉంటుంది. భరోసా అనడానికీ లేదు, ఎందుకంటే అడగాల్సింది అడగనే లేదు. మరి ఆ కాసేపట్లో కలిగింది ఏమిటి?

ఆనందానికి ఒక కొలత

ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నది తైత్తిరీయోపనిషత్తు. ఆనందవల్లిలో ఋషి ఆనందాన్ని లెక్క కట్టడానికి పూనుకుంటాడు. ముందు ఒక కొలత పెట్టుకుంటాడు. వయసులో ఉన్నవాడు, మంచివాడు, బాగా చదువుకున్నవాడు, చురుకైనవాడు, దృఢమైనవాడు, బలవంతుడు అయిన ఒక మనిషిని ఊహించుకోమంటాడు. సంపదతో నిండిన ఈ భూమి మొత్తం అతనిదే అనుకోమంటాడు. ఆ మనిషి పొందే ఆనందం ఒకటి. దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుల ఆనందం. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. అలా పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అంటూ పది మెట్లెక్కించి, ప్రతి మెట్టుకూ నూరు రెట్లు చేసుకుంటూ చివరికి బ్రహ్మానందం దగ్గర ఆపుతాడు.

ఇక్కడివరకే చదివితే, పైకి పోయేకొద్దీ సంతోషం పెరుగుతుంది కాబట్టి ఎలాగైనా పైమెట్టు సంపాదించాలి అనిపిస్తుంది. మన బతుకుల్లో చేస్తున్నదీ అదే కదా. కానీ రెండో మెట్టు నుంచి చివరిదాకా ప్రతి మెట్టు దగ్గరా ఋషి ఒకే మాట మళ్లీ మళ్లీ అంటాడు: "శ్రోత్రియస్య చాకామహతస్య." వేదం తెలిసి, కోరికల దెబ్బ తగలని మనిషికి కూడా అంతే ఆనందం. గంధర్వుడి ఆనందం ఎంతో అతనిదీ అంతే. ఇంద్రుడి ఆనందం ఎంతో అతనిదీ అంతే. ఇంద్రుడికి స్వర్గం కావాల్సి వచ్చింది, ఇతనికి ఏ లోకమూ అక్కర్లేకపోయింది.

ఆ ఒక్క మాటతో లెక్కంతా తిరగబడుతుంది. చేతిలో ఎంత ఉందన్నది కొలత కాదు. "ఇంకా కావాలి" అన్నది మనసును ఎంత కొడుతోందన్నదే కొలత. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూశారు. గెలిచినవాళ్లు మిగతావాళ్లకంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న పనుల్లో వాళ్లకు దొరికే ఆనందం తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే, కానీ అది చూపించినదాన్ని మనమూ ఎరుగుదుం. కొత్త ఇల్లు గృహప్రవేశం నాటికి ఇచ్చినంత సంతోషాన్ని రెండేళ్ల తర్వాత ఇవ్వదు.

ఇప్పుడు గర్భగుడి దగ్గరికి వద్దాం. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి మనసు ముందుకే పరిగెత్తుతోంది. బస్సు దొరుకుతుందా, టోకెన్ దొరుకుతుందా, గది దొరుకుతుందా, ఏ కంపార్ట్‌మెంటులో కూర్చోబెడతారు, ఎప్పుడు వదులుతారు. బంగారు వాకిలి ముందు ఆ పరుగు ఆగిపోతుంది. అక్కడినుంచి ఇంకా ముందుకు పోవాల్సిన చోటు లేదు. కులశేఖర పడి అనే గర్భగుడి గడపకు అవతల స్వామి, ఇవతల మనం. అనుకోకుండానే, ఏ సాధనా చేయకుండానే, ఉపనిషత్తు చెప్పిన ఆ "కోరిక దెబ్బ తగలని" స్థితిలోకి ఒక మామూలు మనిషి రెండు క్షణాలపాటు వెళ్లి వస్తాడు. అడగాల్సింది గుర్తు రాలేదంటే, అడిగే మనసే ఆ కాసేపు లేదన్నమాట.

కోరిక లేకపోవడమే ఆనందమైతే దేవుడెందుకు?

మంచి ప్రశ్నే. గాఢ నిద్రలోనూ కోరికలుండవు. అలాగని నిద్రపోయినవాడిని జ్ఞాని అనం. గీత పద్దెనిమిదో అధ్యాయంలో సుఖాన్ని మూడు రకాలుగా విడదీసినప్పుడు, నిద్ర, బద్ధకం, ఏమరుపాటు వల్ల వచ్చేదాన్ని తామసం అన్నారు. మొదట అమృతంలా ఉండి చివరికి విషమయ్యేది రాజసం. మొదట విషంలా అనిపించి చివరికి అమృతమయ్యేది సాత్త్వికం. నిద్రలేవగానే ఈఎంఐ తేదీ గుర్తొస్తుంది. నిద్ర దేన్నీ మార్చదు, కాసేపు కప్పిపెడుతుంది, అంతే.

స్వామి ముందు నిలబడ్డవాడు నిద్రలో లేడు. రోజు మొత్తంలో అంత మెలకువగా ఎప్పుడూ లేడు. రెప్ప వేస్తే ఎక్కడ ఆ రూపం తప్పిపోతుందో అని కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. కోరికలను తొక్కిపెట్టడం వల్ల కాదు, వాటికంటే పెద్దది కంటి నిండా, మనసు నిండా వచ్చి కూర్చోవడం వల్ల అవి తప్పుకున్నాయి. అదే ఆనందవల్లిలో "రసో వై సః" అని ఉంది. ఆయనే రసం, ఆ రసం అందినప్పుడే ఈ జీవుడు ఆనందిస్తాడు అని దాని తర్వాతి మాట.

ఆ ఆనందం ఎక్కడిదన్న దగ్గర మన ఆచార్యులు వేర్వేరు దారులు పట్టారు. శంకరుల మాట ప్రకారం అది నీ స్వరూపమే, మనసు అలజడి ఆగగానే ఉన్నదే తెలిసింది. మధ్వాచార్యుల మతంలో జీవుడు ఎప్పటికీ జీవుడే, మోక్షంలో సైతం ఒక్కొక్కరి ఆనందం వారి వారి యోగ్యత కొద్దీ. ఈ చర్చ పెద్దది, దాన్ని ఇక్కడ తేల్చే అవసరం లేదు. తిరుమలను అర్థం చేసుకోవడానికి మాత్రం రామానుజుల మాట మీద కాస్త నిలవాలి. ఆయన ఈ కొండ కిందే ఏడాదిపాటు ఉండి తన మేనమామ తిరుమలనంబి దగ్గర రామాయణ రహస్యాలు విన్నారు. మన ఊళ్లో గోవిందరాజస్వామి కోవెల వెనక ఉన్నదీ ఆయన చెయ్యే.

రామానుజుల దర్శనంలో జీవుడు భగవంతుడికి చెందినవాడు. ఎవరికి చెందినవాడో వారికి పనికిరావడంలోనే అతని ఆనందం ఉంది. దాన్నే కైంకర్యం అంటారు. పైకి వినడానికి ఇది బానిసత్వంలా అనిపించవచ్చు. అనంతాళ్వాన్ కథ తెలిస్తే అలా అనిపించదు.

శ్రీరంగంలో రామానుజులు శిష్యులను అడిగారట, తిరుమలకు పోయి పూలతోట పెంచి స్వామికి మాలలు కట్టేవారెవరని. అప్పట్లో ఆ కొండంటే చలి, జ్వరాలు, అడవి. అనంతాళ్వాన్ ఒక్కరే లేచారు. కొండమీద తోట వేసి, దానికి నీళ్ల కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోసేది. ఒక పిల్లవాడు వచ్చి ఆమెకు సాయం చేయబోయాడు. అనంతాళ్వాన్‌కు కోపం వచ్చి చేతిలోని గునపం విసిరారు. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుడిలో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. అక్కడ పచ్చకర్పూరం అద్దారు. స్వామి గడ్డానికి ఈనాటికీ పెడుతున్న పచ్చకర్పూరం అదే. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకు ఇప్పటికీ వేలాడుతోంది. హడావిడిలో చాలామంది దాన్ని చూడకుండానే లోపలికి పోతారు.

ఈ కథలో ఆలోచించాల్సింది ఆ కోపం గురించి. ఎవరైనా ఉచితంగా వచ్చి సాయం చేస్తే మనం సంతోషిస్తాం, పని తగ్గింది కదా అని. అనంతాళ్వాన్‌కు ఆ పని తగ్గడం నష్టంలా తోచింది. మట్టి మోయడమే ఆయనకు దొరికిన ఆనందం, దాన్ని ఇంకొకరు పంచుకుపోతున్నారనిపించింది. ఫలితం కోసం చేసే పనిలో ఈ భావం రాదు. చెరువు పూర్తయితే స్వామి ఏదో ఇస్తాడని తవ్వేవాడైతే, సాయానికి వచ్చినవాడికి దండం పెట్టేవాడు.

ఆయనదే ఇంకో కథ. మాలలు కడుతుండగా స్వామి పిలిచాడని కబురు వస్తే, కట్టడం పూర్తయ్యాకే వెళ్లారట. నా పిలుపు కంటే నీకు మాల ఎక్కువా, కొండ దిగి పొమ్మంటే ఏం చేస్తావని స్వామి అడిగితే, "మీరు మాత్రం ఇక్కడివారా? వైకుంఠం నుంచి నాకంటే కాస్త ముందు వచ్చారు, అంతే" అన్నారట. సన్నిధిలో ఉండటానికి అంతగా అలవాటుపడ్డ మనిషికి భయం పోయి చనువు వస్తుంది. ఈ చనువు సంతోషానికి ఒక గుర్తు అని నేను నమ్ముతాను. అన్నమయ్య కీర్తనల నిండా ఉన్నదీ ఇదే.

అడిగేవాళ్లు తక్కువవాళ్లు కారు

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక అపోహ కలగవచ్చు, కోరికతో కొండకు పోవడం చిన్నతనమని. ఈ మధ్య ప్రవచనాల్లో కూడా మొక్కుల వాళ్లను చులకనగా మాట్లాడటం వింటున్నాను. దాన్ని నేను ఒప్పుకోను. రుయాలోనో స్విమ్స్‌లోనో మనిషిని ఐసీయూలో పెట్టుకుని, బయట చెట్టు కింద కూర్చుని కొండ వైపు తిరిగి దండం పెట్టే తల్లికి నిష్కామ భక్తి గురించి బోధించడం క్రూరత్వం.

గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లను నాలుగు రకాలుగా చెప్పాడు. కష్టంలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదైనా కావాలనుకునేవాడు, జ్ఞాని. వీళ్లలో జ్ఞానిని తన ఆత్మే అన్నాడు. కానీ ఆ మాట అనేముందు "ఉదారాః సర్వ ఏవైతే" అన్నాడు, వీళ్లందరూ గొప్పవాళ్లే అని. సర్వదర్శనం క్యూలో ఈ నలుగురూ ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటారు. చాలాసార్లు ఆ నలుగురూ ఒకే మనిషిలో ఉంటారు. పొద్దున ఆర్తుడిగా మెట్లెక్కినవాడు దర్శనమయ్యే క్షణానికి ఇంకో రకం మనిషి అవుతాడు. అడగటం మరిచిపోవడమంటే అదే.

భాగవతంలో ప్రహ్లాదుడు, నృసింహుడు వరం కోరుకోమన్నప్పుడు, ప్రతిఫలం ఆశించి సేవించేవాడు భృత్యుడు కాడు, వ్యాపారి అన్నాడు. అది ప్రహ్లాదుడు తన గురించి చెప్పుకున్న మాట. ఎదుటివాడి మొక్కును తూచడానికి ఇచ్చిన తక్కెడ కాదు. చిక్కు అడగడంలో లేదు. "ఇది జరిగితేనే నేను సంతోషంగా ఉంటాను, జరక్కపోతే నువ్వు లేనట్టే" అని షరతు పెట్టడంలో ఉంది.

మరి జరక్కపోతే? కొన్నిసార్లు జరగదు. మొక్కుకున్న బిడ్డ దక్కదు. అప్పుడు భక్తులు ఏడవకూడదని, నవ్వుతూ ఉండాలని చెప్పేవాళ్లను నమ్మకండి. మన పెద్ద కథల్లో ఎవరూ అలా చెప్పలేదు. పోతన గజేంద్రుడు మొసలి నోట్లో కాలు పెట్టుకుని "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు. ఆ అనుమానం వచ్చిన గజేంద్రుడినే కాపాడటానికి వచ్చాడు విష్ణువు. కుంతి అయితే, కష్టాల్లోనే నువ్వు కనపడ్డావు కాబట్టి కష్టాలే ఎప్పుడూ రానీ అని కృష్ణుడిని అడిగింది. ఆమె కష్టాలను ప్రేమించిందని కాదు. సుఖంగా ఉన్న రోజుల్లో దొరకని సన్నిధి ఆ రోజుల్లో దొరికిందని.

మన వైపు మనిషే, తరిగొండ వెంగమాంబను చూడండి. నిన్నమొన్నటివరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తరిగొండలో 1730లో పుట్టింది. చిన్నప్పుడే పెళ్లి, చిన్నప్పుడే భర్త పోవడం. వేంకటేశ్వరుడే తన భర్త అని, వైధవ్య ఆచారాలకు తలవంచనంది. ఊరి పెద్దలు వేధించారు. ఆఖరికి తిరుమల చేరింది. అక్కడా వ్యతిరేకత తప్పలేదు, తుంబురు కోనలో తపస్సు చేసుకుంది. లోకం లెక్క ప్రకారం ఆమెకు ఒక్కటీ కలిసిరాలేదు. కానీ ఇప్పటికీ ప్రతి రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరుమీదే జరుగుతుంది. కొండమీద లక్షల మంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే. ఆమె పాటల్లో ఫిర్యాదు కంటే మురిపెం ఎక్కువ వినపడుతుంది. జీవితం సాఫీగా సాగడానికీ ఈ ఆనందానికీ ముడిపెట్టలేమనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి పోవడం, బతకాలనిపించకపోవడం జబ్బు లక్షణాలు. అవి భక్తి చాలక వచ్చినవి కావు. అలా ఉన్నవాళ్లను కొండకు తీసుకుపోండి, అంతకంటే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

కొండ దిగాక

ఆ రెండు క్షణాల సంతోషం అలిపిరి దిగి ఆర్టీసీ బస్టాండు చేరేలోపే పలచబడిపోతుందని చాలామంది బాధపడతారు. పడాల్సిన పని లేదు. అనుభవం ఏదైనా పలచబడుతుంది. ఆ అనుభవాన్ని మళ్లీ అలాగే పట్టుకోవాలని చూస్తే అదీ ఇంకో కోరికై కూర్చుంటుంది. పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది: సన్నిధి ఆ గడప దగ్గరే ఉందా?

దీనికి కొండమీది కథే ఒకటి జవాబు. తొండమాన్ చక్రవర్తి స్వామికి బంగారు పూలతో పూజ చేసేవాడు. ఒకరోజు చూస్తే వాటిమీద మట్టి పూలున్నాయి. ఎవరివని అడిగితే కురువ గ్రామంలో భీముడనే కుమ్మరివని తెలిసింది. అతనికి గుడికి వచ్చే తీరికే లేదు. ఇంట్లోనే చిన్న కొయ్య విగ్రహం పెట్టుకుని, రోజంతా కుండలు చేసి, చేతికంటిన మట్టితోనే పూలు చేసి సమర్పించేవాడు. స్వామి అతని ఇంటికే పోయి భోంచేశాడని కథ. తిరుమలలో ప్రతిరోజూ పగిలిన కొత్త మట్టికుండలో పెరుగన్నం నైవేద్యం పెడతారు. ఇన్ని ప్రసాదాలలో కులశేఖర పడి దాటి లోపలికి పోయేది అదొక్కటేనని ఆనవాయితీగా చెబుతారు.

అయితే ఇంట్లోనే దొరికేవాడి కోసం కొండెక్కడం ఎందుకు? శ్రీవైష్ణవ ఆచార్యుడు పిళ్లై లోకాచార్యులు దీనికి చెప్పిన పోలిక మన చిత్తూరు జిల్లా రైతులకు ఇట్టే అర్థమవుతుంది. అందరి గుండెల్లో ఉండే అంతర్యామి భూమి లోపలి నీరులాంటివాడు. ఉన్న మాట నిజమే, కానీ తవ్వుకోగలిగినవాడికే దొరుకుతుంది. రాముడు, కృష్ణుడు లాంటి అవతారాలు వరద వచ్చిన నది, అప్పుడున్నవాళ్లకే ఆ నీళ్లు. గుడిలోని మూర్తి ఆ నది మడుగుల్లో నిలిచిన నీరు, దప్పికతో వచ్చినవాడు దోసిలి పడితే చాలు. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలని నేలమీద బతికేవాళ్లకు, నీళ్లు ఉండటానికీ అందడానికీ ఉన్న తేడా ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

దోసిలి నిండలేదని, రెండు క్షణాలు చాల్లేదని అనిపించేవాళ్లకు ఒక చిన్న సంగతి. దర్శనమై బయటికి వచ్చాక, హుండీ వైపు తొందరపడేముందు, ఆనంద నిలయ విమానం వాయవ్య మూలకు తల ఎత్తి చూడండి. వెండి తోరణం మధ్య విమాన వేంకటేశ్వరుడు ఉంటాడు. లోపలి మూర్తిని చూసినంత ఫలమే ఈయన్ను చూసినా అని పెద్దలు చెబుతారు. లోపల ఉన్నంత తోపులాట అక్కడ ఉండదు. లోపల అడగటం మరిచిపోయింది అక్కడ గుర్తొస్తే నిదానంగా చెప్పుకోవచ్చు, గుర్తు రాకపోతే ఊరికే చూస్తూ నిలబడవచ్చు.